జములమ్మ చేతి బోణీ

మా ఊరి దుకాణం పుట్టింది జములమ్మ ఇంటి ముందరి గదిలోనే. కిష్టయ్య తన కిరాణం ఎత్తేసి గద్వాల వెళ్లిపోయాక చాయపత్తికి కూడా రాజోలి దాకా పోవాల్సి వచ్చేది. విసిగిపోయి ఊరంతా తలా కొంత డబ్బు వేసుకుని దుకాణం పెట్టుకున్నాం. జీతం లేకుండా ఇంటికొకరు వంతుల వారీగా కూర్చోవాలని అనుకున్నాం.

"అర్ర నేనిస్త. కిరాయి గిరాయి ఏమొద్దు" అంది జములమ్మ. ఆమె భర్త బాలయ్య సరుకు తెచ్చేవాడు.

పొద్దున్నే లేచే మనిషి కాబట్టి తొలివంతు ఆమెదే. పాలప్యాకెట్ ఇస్తూనే "పిల్లకు జరం తగ్గిందా?" అని అడిగేది. నోరు పెద్దది. బియ్యంలో రాయి కనబడితే మొగుణ్ని కూడా అందరి ముందే దులిపేసేది. పిల్లలు లేని ఆ ఇంటికి పొద్దున్నే అంతమంది రావడమే ఆమెకు పండగ.

మొన్న ఎండాకాలం బాలయ్య గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక జములమ్మ ఎప్పటిలాగే తలుపు తీసి కూర్చుంది. ఒక్కరూ రాలేదు. ఎదురుగా అరుగు మీద మాత్రం సంచులు పట్టుకుని బోలెడుమంది! రెండో వంతు స్వరూప వచ్చి బేరం మొదలుపెట్టాక గానీ ఎవరూ లేవలేదు. మొగుడు పోయినామె చేతి బోణీ పనికిరాదట! నాకు ఒళ్లు మండింది. రోజూ నేనే ముందు వెళ్లి కొన్నాను. అయినా ఎవరూ కదల్లేదు. ఎండకు పాలు విరిగిపోయేవి.

చివరికి పెద్దమనిషి బసవయ్య వచ్చాడు. "ఏమనుకోకు చెల్లె. స్వరూప బోణీ చేసినంక నువ్వు కూసో."

"గల్లపెట్టె కాడ కూసునేది మనిషా, బొట్టా అన్నా?"

బసవయ్య తల దించుకున్నాడు. వంతు మాత్రం మార్చేశాడు.

జములమ్మ తాళంచెవి ఇచ్చేసింది. "అర్ర ఖాళీ చెయ్యమను అక్కా, దుకాణం యాడ పెడతరో చూద్దాం" అని నేను ఎగిరాను.

"ఊకో తమ్మీ. దుకాణం పోతే గా నాలుగు మాటలన్న వినబడయి" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఒకరోజు పొద్దున్నే పాలకు వెళ్లాను. స్వరూప అప్పుడే తలుపు తీసింది. లోపలి నుంచి జములమ్మ గిన్నె పట్టుకుని వచ్చి ఉప్పు అడిగింది.

స్వరూప ఆమె ముఖం చూడకుండానే అంది. "జర ఆగక్కా. ముందుగాల ఎవరన్న కొననీ."

జములమ్మ తన ఇంటి గోడకే ఒదిగి నిలబడింది. నన్ను చూసి గబుక్కున పక్కకు జరిగింది.

"రా తమ్మీ, నువ్వు కొను. పొయ్యి మీద ఎసరు మరుగుతుంది."