పక్కింటాయన

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైన్లో, మనుషులను అనుమానించడంలో మా నానమ్మను మించినవాళ్ళు లేరు. ఆ గుణం నాకే వచ్చిందని మా ఆయన అంటాడు. రానీ, దానివల్ల నేను నష్టపోయిందేమీ లేదు.

పక్కింటి అక్క ఇంటర్ చదివేటప్పుడు కరెంటు ప్లాంటు ఆఫీసర్లుండే జ్యోతినగర్ నుంచి ఒక అబ్బాయి నోట్సు పేరు చెప్పి స్కూటర్ మీద రావడం మొదలుపెట్టాడు. ఇంజనీరు కొడుకు, ఇస్త్రీ నలగని చొక్కా. అక్క నాన్న, నేను కాక అని పిలిచే ఆయన, మా నాన్నలాగే బొగ్గుబాయిలో దిగి బొగ్గు తవ్వే మనిషి. నల్లా దగ్గర ఆడవాళ్ళందరిదీ ఒకటే మాట, "మనమెక్కడ, ఆల్లెక్కడ?" అని. మోజు తీరితే ఆ స్కూటర్ మళ్ళీ మా గల్లీకి రాదని నానమ్మ తేల్చేసింది. పదేళ్ళ నేను కూడా ఆ అబ్బాయిని దొంగను చూసినట్టే చూసేదాన్ని.

కాక రోజూ బాయి మీదనే స్నానం చేసి, తల దువ్వుకుని ఇంటికి వచ్చేవాడు. అబ్బాయి ఆయనను బొగ్గుతో కాదు కదా, మామూలుగా కూడా ఎన్నడూ చూడలేదు. నానమ్మ దాని మీదే పథకం వేసింది. "రేపు తానం చెయ్యకుండ సీదా మా ఇంటికి రా. పిలగాని మొకం ఎట్ల మారుతదో నేను సూస్త" అంది. బిడ్డ బతుకు సంగతి కదా అని కాక ఒప్పుకున్నాడు.

మర్నాడు నానమ్మ అక్కనూ అబ్బాయినీ మా ఇంట్లో చాయ్‌కి కూర్చోబెట్టింది. మొదటి షిఫ్టు దిగి కాక వచ్చాడు. కళ్ళూ పళ్ళూ తప్ప ఒళ్ళంతా బొగ్గే. నానమ్మా నేనూ రెప్ప వేయకుండా అబ్బాయి ముఖమే చూస్తున్నాం. అతను లేచి నిలబడి, ఎవరన్నట్టు అక్క వైపు తిరిగాడు.

"పక్కింటాయన. మంచినీళ్ళ కోసం వచ్చారు," అంది అక్క.

కాక అక్క వైపు తిరిగాడు. "అవ్ బిడ్డా, జర నీళ్ళియ్యి. మా నల్లా వస్తలేదు" అన్నాడు.

అబ్బాయి తన కుర్చీ ఆయన ముందుకు జరిపాడు. కుర్చీ ఖరాబైతదని కాక నిలబడే తాగి, నల్లటి వేళ్ళ గుర్తులు పడ్డ చెంబును గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. అబ్బాయి వెళ్ళాక అక్క ఆ చెంబు తీసుకుని కూర్చుంది. మెరిసిపోతున్నా తోముతూనే ఉంది.

అక్కను తిట్టుకుంటున్నారా? ఆగండి. పదిహేడేళ్ళ పిల్లకు ఆ సిగ్గు నేర్పింది ఎవరు? స్కూటర్ వాడు కాదు. "మనమెక్కడ" అని రోజూ ఆమె చెవిలో పోసింది మేమే. తర్వాత అబ్బాయి రావడం ఆగిపోయింది. అక్కే వద్దందని నా అనుమానం.

ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్ళు మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగితే, బాయిలో బొగ్గు తవ్వేవాడని ఠక్కున చెప్తాను. చెప్పేటప్పుడు వాళ్ళ ముఖం చూడను. నా గొంతు తగ్గిందేమోనని వింటాను.