గుజ్జు తెలిసిన వేళ్లు

చిలకలూరిపేట దాటగానే రహదారి పక్కనున్న ఆ కర్మాగారంలో, సిగరెట్టుకు పనికిరాని పొగాకు ఈనెలను, ధూళిని ఉడికించి, నలిపి, మళ్లీ ఆకువంటి రేకుగా పరచేవారు. నలిపే యంత్రం వద్ద మరియదాసు తొమ్మిదేళ్లుగా రోజుకూలీ. గాడులు చెక్కిన రెండు ఇనుప చక్రాల నడుమ గుజ్జు నలుగుతుంది. చక్రాలు ఎడమైతే ఈనెలు పుల్లలుగానే మిగిలి రేకు అతకదు. తగినంత దగ్గరైతే నార కొసలు దూదిలా విచ్చుకొని ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. మరీ బిగిస్తే నార తెగి గంజి అవుతుంది. అది జల్లెడ మీద నీరు విడువదు, రేకై నిలువదు.

తక్కినవారు ఈ తేడాను గాజుగ్లాసు నీళ్లలో గుజ్జు కలిపి, వెలుతురుకు ఎత్తి చూసేవారు. మరియదాసు చిటికెడు గుజ్జును రెండు వేళ్ల నడుమ నలిపి చెప్పేవాడు. అదొక నైపుణ్యమని అందరూ మెచ్చుకున్నారు. అతడి కళ్లకు పొర కమ్మిందని భార్య రెబ్కాకు మాత్రమే తెలుసు.

1986 మార్చిలో సూపర్‌వైజరు రాఘవులు అతణ్ణి పిలిచాడు.

"సోమవారం పెద్ద ఇంజినీరుగారు నీ పని చూసి పర్మనెంటు చేస్తారు. చొక్కా ఉతుక్కుని రా. నీకంటే ఆ ఈనెల కంపే నయం."

ఆదివారం ఆరాధన ముగిశాక మరియదాసు మిరప కల్లంలో భార్య పక్కన కూర్చొని తొడిమలు తీశాడు.

"నీకెందుకయ్యా, వేళ్లు మండుతాయి," అన్నది రెబ్కా.

"రేపటినించి నువ్వీ కల్లానికి రానక్కర్లేదు. ఈ ఒక్కపూట నీతో కూర్చోనీ."

తెల్లవారేసరికి వేళ్లు మంటతో మొద్దుబారాయి. కర్మాగారంలో చిటికెడు గుజ్జు నలిపితే ఇసుకలా తగిలింది. "ఇంకా ముతకగా ఉందండి," అని ఇంజినీరు ఎదుటే చక్రాలు బిగించాడు. మళ్లీ ఇసుకే. మళ్లీ బిగించాడు.

"ఒరేయ్, గ్లాసులో చూడు," అన్నాడు రాఘవులు.

గ్లాసు ఎత్తాడు. మసక తప్ప ఏమీ లేదు. అది గుజ్జుదో, తన కంటిదో తెలియలేదు.

"సరిగ్గా ఉందండి," అన్నాడు.

జల్లెడ మీద గుజ్జు బురదలా నిలిచిపోయింది. రేకు జానెడైనా లేవక తెగింది. ఇంజినీరు గ్లాసు తీసుకొని చూశాడు. తరువాత మరియదాసు ముఖం ముందు తన వేళ్లు ఎత్తి, "ఎన్ని?" అని అడిగాడు.

మరియదాసు తల దించుకున్నాడు. ఆ సాయంకాలమే అతణ్ణి పనిలోనుండి తీసివేశారు.

గురువారానికి మంట చల్లారింది. ప్రార్థనకు మోకరించాడు. తలగుడ్డ అంచును వేళ్లతో తడిమితే ఒక్కొక్క పోగూ విడివిడిగా తెలిసింది.

"వస్తావా?" అన్నది వాకిట నిలిచిన రెబ్కా.

ఆ గుడ్డే తలకు చుట్టుకొని ఆమె వెంట మిరప కల్లానికి నడిచాడు.