నీళ్లు కోసే పిట్టకు సాక్షులు

పుష్యమాసపు పొద్దున్న స్కూటీ మీద గౌతమి వంతెన ఎక్కేసరికి ఒక వాసన వస్తుంది. పాటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు బయటపడిన బురద వాసన అది. అందులో కుళ్లిన మడ ఆకు, ఉప్పు, చచ్చిన గుల్ల, ఏ ఒడ్డునో చలిమంటలో కాలుతున్న కొబ్బరి డొక్కల పొగ అన్నీ కలిసి ఉంటాయి. వెనక లారీలు హారన్ కొడుతున్నా ఆ వాసన తగిలిన క్షణంలో నాకు తొమ్మిదేళ్లే. మా పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పైనుంచి చూస్తూ, "కాళ్లు ఏ రంగు?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

మా పెదనాన్నగారు అమలాపురం కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరై, ఐ.పోలవరం దగ్గర ఏటిగట్టు పక్కనున్న మా ఊరొచ్చి మాతోనే ఉండేవారు. ప్రమాణం చేసి మరీ చెప్పే అబద్ధాలు ముప్ఫై ఏళ్లపాటు విన్న మనిషి కావడంతో ఆయనకి ఏదీ ఒకపట్టాన నమ్మకం కుదిరేది కాదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేవారు. రేడియోలో వాన రాదని చెప్పిన రోజే గొడుగు పట్టుకుని బయల్దేరేవారు. నాకు బడి ఎగ్గొట్టేంత జ్వరం వచ్చిందంటే నుదుటి మీద కాకుండా మెడ వెనక చెయ్యి పెట్టి చూసేవారు, నుదురు ఎండలో నించుని వేడెక్కించుకోవచ్చని.

చలికాలం వచ్చిందంటే ఆయన అనుమానాలకి పిట్టలు పని కల్పించేవి. కోతలైన చేలల్లో నీళ్లు మిగిలిన చోటల్లా పరజ బాతులు దిగేవి, ఉల్లంకులు బురదలో ముక్కులు గుచ్చుకుంటూ తిరిగేవి, ఒక్కో ఏడు గూడబాతులు వరస కట్టి ఊరి మీదుగా వెళ్తుంటే ఆడవాళ్లు కళ్లాపి చల్లడం ఆపి పైకి చూసేవారు. ధనుర్మాసపు మంచులో చెరువు గట్టెక్కిన ప్రతివాడికీ ఏదో ఒక కొత్త పిట్ట కనబడేది. కనబడిన ప్రతివాడూ మా అరుగు దగ్గరికి వచ్చి చెప్పేవాడు. మంటలో తేగలు కాలుతుండేవి, పైతోలు మాడి లోపలి పిండి వాసన కమ్మగా వచ్చే వేళకి పెద్దమ్మ దిబ్బరొట్టె ముక్కలూ చెరకు పానకమూ ఇత్తడి పళ్లెంలో పంపేది, పెదనాన్నగారు మాత్రం అవేమీ ముట్టుకోకుండా పొడుగాటి అట్టపుస్తకం తెరిచేవారు. అందులో తేదీ, చోటు, పిట్ట, సాక్షులు అని నాలుగు గడులు. ఆయన నియమం ఒక్కటే: ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు మనుషులు విడివిడిగా ఒకే మాట చెప్పాలి. అప్పుడే పిట్ట పుస్తకంలోకి ఎక్కుతుంది. ఒక్కరు చూసినది చూసినట్టు కాదు.

ఒకసారి పక్కింటి వీర్రాజుగారు తన చేలో చక్రవాకాల జంట దిగిందని సంబరంగా వచ్చి చెప్పారు. ఎండ ఏ వైపునుంచి పడుతోంది, తమరెంత దూరంలో ఉన్నారు, అవి మనిషిని చూసి లేచాయా, నడిచి పక్కకి తప్పుకున్నాయా అని పెదనాన్నగారు అడుగుతూ పోయారు. నడిచే తప్పుకున్నాయని ఆయన ఒప్పుకునేసరికి అవి బాతులవాళ్ల మందలోంచి తప్పిపోయిన బాతులని తేలింది. వీర్రాజుగారు రొట్టె తినకుండా వెళ్లిపోయారు. మేం పిల్లలం ఆ వారమంతా తొక్కుడుబిళ్ల మానేసి, కొబ్బరి మట్టల మీద కూర్చుని కోర్టు ఆట ఆడుకున్నాం. ఆటలో నేనే ఎప్పుడూ పెదనాన్నగారిని. సాక్షి బోనులో నిలబడడం ఎలా ఉంటుందో నాకు అప్పటికి తెలీదు.

ఆ చలికాలంలోనే గొబ్బెమ్మల మీదకి గుమ్మడిపూలు కోసుకురమ్మని అమ్మ పొద్దున్నే ఏటిగట్టుకి పంపింది. మంచు ఇంకా విడలేదు. నది పాటు మీద ఉంది, నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. అప్పుడు మంచులోంచి ఒక పిట్ట వచ్చింది. నెత్తి నల్లన, కడుపు తెల్లన, ముక్కు నారింజ పండు రంగు. నోరు తెరుచుకుని, కింది ముక్కు నీళ్లలో ముంచి, కత్తెరతో బట్ట కత్తిరించినట్టు నదిని నిలువునా కోసుకుంటూ నా ఎదురుగా వెళ్లిపోయింది. దాని వెనక నీళ్ల మీద సన్నని గీత ఒకటి చాలాసేపు మిగిలింది. దగ్గరగా వెళ్లినప్పుడు చూశాను, కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. పూలు అక్కడే పారేసి పరిగెత్తాను.

అరుగు మీద నలుగురైదుగురున్నారు. కింది ముక్కు పొడుగు, పై ముక్కు పొట్టి అనగానే వాళ్లు నవ్వారు. అలాంటి ముక్కుతో గింజ ఎలా ఏరుకుంటుందని వీర్రాజుగారు అడిగారు, తన చక్రవాకాల సంగతి ఆయన మర్చిపోలేదు. పెదనాన్నగారు నవ్వలేదు. నన్ను ఎదురుగా నిలబెట్టి ఒక్కొక్కటే అడిగారు. ఎంత పొడుగు, ఎటు నుంచి ఎటు, రెక్క పైన ఏ రంగు, అరిచిందా లేదా. అన్నిటికీ చెప్పాను. ఆఖరికి కాళ్లు ఏ రంగని అడిగారు. నేను చూడలేదు. చూడలేదని చెబితే మిగిలినదంతా పోతుందేమోనని భయం వేసింది. నల్లగా ఉన్నాయన్నాను.

"ఎగురుతూనే వెళ్లిందన్నావు కదమ్మా. కాళ్లు ఎలా కనిపించేయి?"

"మధ్యలో వాలిందండీ."

"ఎక్కడ?"

"నీళ్ల మీద."

"పరజలాగ ఈదిందా?"

ఈదిందన్నాను. రెండో సాక్షి దొరికితే పూర్తి చేద్దామని పుస్తకంలో అప్పటికే మొదలెట్టిన వరస మీద ఆయన ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి, 'రుజువు కాలేదు' అని పక్కన రాశారు. ఆ రోజు నుంచి బళ్లో నా పేరు పొడుగుముక్కు. నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, దానికంటే పెద్ద బాధ ఇంకొకటి. పదిరోజులు గడిచేసరికి నేనే నన్ను అనుమానించడం మొదలుపెట్టాను. కాళ్లు కల్పించినదాన్ని, ముక్కు మాత్రం కల్పించలేదని ఏమిటి నమ్మకం?

తర్వాత ఒక పొద్దున్న పెదనాన్నగారు గట్టు మీది నుంచి చెప్పులు లేకుండా, పంచె అంచుకి బురదతో వచ్చారు. కాఫీ చల్లారిపోయినా తాగలేదు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా అమలాపురం బస్సెక్కి, తెలిసిన లెక్చరరు ద్వారా కాలేజీ లైబ్రరీలో పిట్టల పుస్తకాలు తీయించి చూసి, సాయంత్రానికి తిరిగొచ్చారు. రాగానే నన్ను పెరట్లోకి పిలిచారు. పనస చెట్టు మొదలు చూస్తూ, నిన్న తనకీ కనిపించిందని, ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ కూడా ఉందని, దాన్ని స్కిమ్మర్ అంటారని, దేశంలోనే బాగా తక్కువగా మిగిలిన పిట్ట అని చెప్పారు.

"ముక్కు నిజం," అన్నారు. "కాళ్లు అబద్ధం. అవునా?"

అవునన్నాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, నేనూ చూశాను, మీరూ చూశారు, ఇద్దరమయ్యాం కదా, పుస్తకంలో రాసేయండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నీ సాక్ష్యం చెడిపోయిందమ్మా. నాదొక్కటే మిగిలింది. ఒక్కటి చాలదు."

తన నియమం తనకే అడ్డమైందని ఆయన ఒక్క మాట అనలేదు. అరుగు మీద ఎవరికీ చెప్పలేదు కూడా; వీర్రాజుగారు కాళ్ల రంగు అడుగుతారని భయపడ్డారేమోనని ఇప్పుడనిపిస్తుంది. ఆ మర్నాటి నుంచి మేమిద్దరం చీకటి విడుతుండగానే గట్టు మీదకి వెళ్లడం మొదలుపెట్టాం. ఆయనకి మఫ్లరు, నాకు అమ్మ పాత శాలువా. పెద్దమ్మకి ఇంకో అనుమానం పట్టుకుంది, డాక్టరు మానిపించిన చుట్ట ఆయన మళ్లీ మొదలుపెట్టారని. మేం తిరిగి రాగానే ఆయన చొక్కా, నా శాలువా కూడా వాసన చూసేది. వారం తిరిగినా పిట్ట రాలేదు.

మమ్మల్ని అనుమానిస్తున్న మనిషి ఇంకొకరున్నారని మాకు తెలియదు. సత్తెమ్మ అని, గట్టు దిగువన వల వేసుకుని, పట్టిన చేపలు బుట్టలో పెట్టుకుని మా పెరటి గుమ్మానికి రోజూ తెచ్చే మనిషి. ఆమె చేపల మొప్పలు ఎత్తి చూపిస్తే గానీ పెద్దమ్మ ఏదీ తీసుకునేది కాదు. ఆ వారంలో సత్తెమ్మ మా గుమ్మానికి రావడం మానేసింది. ఒక పొద్దున్న మేం నించున్న చోటికి పడవ తెచ్చి ఆపి, దిగకుండానే అడిగింది.

"మా వల మీద ఏమన్నా కంప్లయింటు ఉందాండీ?"

కోర్టాయన రోజూ వచ్చి తన పడవ వైపే చూస్తుంటే, ఏదో కేసు తెస్తున్నాడని ఆమె అనుకుంది. వారం రోజులుగా నిద్ర లేదట. పెదనాన్నగారు తెల్లబోయి, కేసూ లేదు కంప్లయింటూ లేదు, పిట్ట కోసం వచ్చామన్నారు. ఆమె నమ్మలేదు. ఇంత పెద్దమనిషి పిట్ట కోసం మంచులో నించోవడం ఏమిటన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. అప్పుడాయన, సాక్షికి మాట అందించకూడదనే జాగ్రత్త మర్చిపోకుండా, ఏ పిట్టో చెప్పకుండానే, నువ్వు ఈ ఏట్లో చలికాలం ఏ పిట్టలు చూశావని అడిగారు. సత్తెమ్మ వేళ్ల మీద చెప్పుకుంటూ పోయింది. ఆరో వేలో ఏడో వేలో మడిచినప్పుడు, నీళ్లు కోసే పిట్టలు అంది.

"అవెలా ఉంటాయి?"

"కింద దవడ పొడుగండి, పై దవడ పొట్టండి. నోరు తెరుసుకుని నీళ్లు కోసుకుంటా పోతాయండి. ఏటా వత్తాయండి."

పెదనాన్నగారు పడవ అంచు పట్టుకుని ముందుకి వంగారు. "కాళ్లు?"

"ఎర్రగా ఉంటాయండి. ఎగిరేటప్పుడు కనపడవండి. దిబ్బ మీద నించున్నప్పుడు సూడాలండి."

ఏటా వస్తుంటే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆయన అడిగారు. ఆమె తెడ్డు మీద చేతులు పెట్టుకుని, అందులో వింతేముందన్నట్టు, "ఎవరూ అడగలేదండీ," అంది.

ఆమె పడవలోనే వెళ్లాం. పాటు పూర్తిగా తీసేవరకూ మడ చెట్ల పక్కన ఆగి, ఆ తర్వాత నది మధ్యలో తేలిన ఇసుక దిబ్బకి ఎదురుగా పడవ నిలిపింది. మంచు పలచబడుతుంటే ముందు మాకు నల్లని చుక్కల వరస కనబడింది, తర్వాత అవి నెత్తులయ్యాయి, తర్వాత ఆ ముక్కులు. ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ గాలికి ఎదురుగా తిరిగి, పొట్టి కాళ్ల మీద. ఆ కాళ్లు ఎర్రగా, తడిగా, ఇప్పుడే పసుపూ సున్నమూ కలిపి పారాణి పెట్టినట్టు ఉన్నాయి. నల్లగా ఉన్నాయని నేను చెప్పిన కాళ్లు. పెదనాన్నగారు నా తల మీద చెయ్యి పెట్టారు, తీయలేదు. కాసేపటికి ఒకటి లేచింది, దాని వెనకే అన్నీ లేచి, నది మీద పది పన్నెండు గీతలు ఒకేసారి గీసుకుంటూ సముద్రం వైపు వెళ్లిపోయాయి.

ఒడ్డుకి రాగానే ఆయన చంకలోని పుస్తకం తీసి, సత్తెమ్మ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పమన్నారు. ఆమె మొహంలో పొద్దుటి అనుమానం మళ్లీ వచ్చింది. పేరు రాయొద్దంది. ఇది పిట్టల పుస్తకమేనని, ఎక్కడికీ పోదని ఆయన నచ్చజెప్పారు. తన మొగుడు ఎప్పుడో ఏదో కాగితం మీద వేలిముద్ర వేస్తే ఆరేళ్లు అమలాపురం తిరగాల్సి వచ్చిందట. "పేరు కాయితం ఎక్కితే ఎప్పుడో ఒకప్పుడు పిలుత్తారండి," అంది. ముప్ఫై ఏళ్లపాటు మనుషుల చేత సంతకాలు పెట్టించిన ఆయన పుస్తకం మూసి మళ్లీ చంకలో పెట్టుకున్నారు. అడ్డంగా వాదిస్తారని నేననుకున్నాను. బోనులో ఉన్న మనిషి భయాన్ని ఆయన అప్పుడే మొదటిసారి అంత దగ్గరగా చూశారేమో.

ఇంటికొచ్చి తేదీ రాశారు, చోటు రాశారు, పిట్ట గడిలో 'నీళ్లు కోసే పిట్ట, కాళ్లు ఎరుపు' అని రాశారు. సాక్షుల గడి ఖాళీగా వదిలేశారు. మన పేర్లన్నా రాయండి అన్నాను. అసలు చెప్పినావిడ పేరు లేకుండా మన పేర్లేమిటి అన్నారు. ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసిన నా వరస మాత్రం అలాగే ఉంచారు. ఆ మధ్యాహ్నం సత్తెమ్మ మళ్లీ బుట్టతో వచ్చింది, పెద్దమ్మ చేప మొప్పలు చూడబోతే పెదనాన్నగారు లోపల్నించి వద్దని కేకేశారు. ఆవిడ ఆ రోజంతా ఆయన్ని అనుమానంగా చూస్తూనే ఉంది.

పెదనాన్నగారు పోయి చాలా ఏళ్లైంది. అరుగు పోయింది, ఆ చోట గ్రిల్ వరండా వచ్చింది. చేలల్లో సగం రొయ్యల చెరువులయ్యాయి, పరజలు దిగడానికి వాటి పైన కట్టిన వలలు అడ్డం. ఊళ్లో పిల్లలకి తేగ కాల్చడం రాదు. నది మధ్య దిబ్బల ఆకారాలు ఏటికేడు మారి, కొన్ని లేకుండానే పోయాయి. ఇప్పుడు మా ప్రాంతం పిట్టల ఫోటోలు పెట్టుకునే ఫోన్ గ్రూపు ఒకటుంది. ఎవరు ఏ ఫోటో పెట్టినా నిమిషంలో అందరూ బొటనవేళ్లు చూపిస్తారు, అది ఎక్కడిదో, నిజమైనదో కాదో అడిగేవాళ్లు లేరు.

సత్తెమ్మ ఉంది. చూపు ఇంకా గట్టిదే, వలకి మాత్రం వెళ్లడం లేదు, గట్టు మీద కోడలి కొట్టు ముందు నులకమంచం వేసుకుని రోజంతా ఏటి వైపే కూర్చుంటుంది. మొన్న ఆదివారం వెళ్లి పక్కన కూర్చున్నాను. నీళ్లు కోసే పిట్టలు వచ్చాయా అని అడిగాను.

"రాక మూడేళ్లయిందండీ," అంది.

పొద్దున్న మంచులో చూశావా, పాటు వేళ చూశావా, అవతలి దిబ్బ వైపు చూశావా అని గుచ్చి గుచ్చి అడిగాను. అన్నిటికీ అవునన్నట్టు ఆయ్, ఆయ్ అంది. ఆమె అబద్ధమాడుతోందేమో, కనీసం పొరబడుతోందేమో, ఏ ఒక్క జవాబులోనైనా దొరక్కపోతుందా అని ఆ మొహంలోకి చాలాసేపు చూశాను. దొరకలేదు.