అత్తయ్యకు వినిపించని కాల్

మాది ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచా. నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యారు. నా పెళ్ళికి సరిగ్గా పిలవలేదన్న కోపంతో, పలాసలో ఉండే ఆయన అక్క మాతో మాట్లాడటం మానేశారు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మొన్న వేసవిలో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌తో సొంతంగా వీడియో కాలింగ్ సర్వర్ పెట్టాను. యాప్ అక్కర్లేదు, లింకు నొక్కితే బ్రౌజర్‌లోనే మాట్లాడుకోవచ్చు. పరీక్షించడానికి అత్తయ్య కూతురికి లింకు పంపాను. ఆమె ఫోను తీసుకెళ్ళి అత్తయ్య ముందు పెట్టింది. నేను నాన్నను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను.

“బాగున్నావా అప్పా?” అని అక్కను పలకరించారు నాన్న. ఆ మాట అటు వినిపించలేదు. మా గొంతు అటు చేరడానికి చేయాల్సిన సెట్టింగు ఒకటి మరిచిపోయాను. వాళ్ళ మాటలు మాత్రం మాకు చక్కగా వినిపిస్తున్నాయి.

“నోరాడతంది గానీ మాట రాదేటే? మన మాటా ఆడికి ఇనపడదు కావాల,” అన్నారు అత్తయ్య కూతురితో. కాసేపు తెరనే చూసి, “ఎంత సిక్కిపోనాడో సూడు. పిలవకపోతే ఏటైనాది, నానే ఎల్లిపోవల్సింది,” అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

నేను సరిచేయబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. “కాసేపు అలా ఒగ్గేయమ్మా,” అన్నారు.

అత్తయ్య ఏడుపు ఆగాక సరిచేశాను.

“ఇప్పుడే కలిసినాది లైను,” అన్నారు నాన్న, ఏమీ విననట్టు.

అత్తయ్య ముఖం బిగించారు. “ఇన్నాళ్ళకి గురుతొచ్చినానేట్రా?”

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ కాల్‌లో పోట్లాడుకుంటారు. సర్వర్ మొదటే సరిగ్గా పనిచేసి ఉంటే, అత్తయ్య మనసు తెలియక, మొదటి రోజు పోట్లాటతోనే అంతా ముగిసేది. అత్తయ్య పత్రికలు చదవరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.