తూము దాకా అత్త... తూము దాటినాక నాయన

మా చిన్నప్పుడు... నెల్లూరు నించి వస్తా వస్తా, ఊరి బయట కాలవ తూము కాడికి రాగానే మా కొత్త కారు ఆగిపోయేది. చెడిపోయి కాదు! స్టీరింగు ముందర నించి మా అత్త దిగాల, నాయన ఎక్కాల. అందుకు ఆగేది.

అరవై ఏళ్ళు దాటిపోయింది. ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది...

అత్తంటే నాయనకు సొంత అక్క, రత్నమ్మ. మొగుడితో పడక పుట్టింటికి వచ్చేసింది. మా సేద్యమంతా ఆమె చేతిమీదే నడిచేది. వడ్ల బస్తాలేసిన జోడెద్దుల బండి ఊరి నడివీధిలో తోలుకొస్తా ఉంటే ఒక్కడూ ఇదేందని అడిగిన పాపాన పోలేదు.

ముత్తుకూరు చుట్టుపక్కల అప్పుడు కార్లే తక్కువ. నాయన కొత్త కారు కొన్నాడు. స్టీరింగు కిందనే గేరు కడ్డీ... సీటు మీద ఇంకా కొత్త వాసన. నేర్పించడానికి నెల్లూరు నించి ఒక డ్రైవరును పిలిపించినాడు. కృష్ణపట్నం దోవలో ఉప్పు మడుల పక్కన చవిటి బయలు ఉండేది, అక్కడ నేర్చుకునేది. షికారు అని నేనూ, అత్తా వెనక ఎక్కేవాళ్ళం.

నాయన క్లచ్చి మీద కాలు ఒక్కసారిగా తీసేసేవాడు. కారు కప్ప మాదిరి ఎగిరి, గుడుక్కున ఆగిపోయేది. మా తలలు ముందు సీటుకు టంగున కొట్టుకునేవి. వారం రోజులు ఇదే తంతు. పైగా "కారే బాగలేదబ్బా" అనేవాడు. కొత్త కారు!

ఎనిమిదో రోజు అత్త ఉండబట్టలేక నోరు తెరిచింది. "డ్రైవరయ్యా, ఎడమకాలి కింద ఉండేది దాపటెద్దు, కుడికాలి కింద ఉండేది ఎలపటెద్దు అనుకుందాం. ఎడమదాన్ని నిదానంగా వదిలేకొద్దీ కుడిదాన్ని కొంచెం కొంచెం అదిలించాల. రెండూ కలిసి కాడి లాగాల. అంతేనా?"

డ్రైవరు నోరెళ్ళబెట్టినాడు. "అంతేనమ్మా... ఇన్నేళ్ళుగా నేర్పిస్తా ఉండా, ఇంత తేటగా నేనే చెప్పలేదు."

"ఏదీ, నన్నొకసారి కూర్చోనీండి."

కుచ్చెళ్ళు పైకి దోపుకొని కూర్చుంది. కారు కదిలినట్టే తెలియలేదు నాకు... ఫస్టు, సెకండు, థర్డు... చవిటి నేల మీద పెద్ద చుట్టు చుట్టి తెచ్చి, బయలుదేరిన చోటే ఆపింది. అత్త అంత నోరారా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

నాయన మొహం మాడిపోయింది. కానీ నెల్లూరు పోయి రావాలంటే ఇంకో దిక్కు లేదే! అందుకని ఒక ఏర్పాటు పెట్టినాడు. ఊరు దాటినాక అత్త తోలాల. వచ్చేటప్పుడు తూము కాడ దిగి వెనక సీట్లోకి పోవాల. ఆ కాస్త దూరమూ ఆయన ఎగిరెగిరి ఇంటికి తెస్తాడు.

"ఆడది తోలే కార్లో కూర్చుంటే నాకు నామోషీ కాదా అక్కా?" అనేవాడు.

అత్త వడ్ల బండి తోలినప్పుడు లేని నామోషీ కారు కాడ ఎక్కణ్ణించి వచ్చిందో ఆ మహానుభావుడికే తెలియాల! నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు... ఎవరడిగినా నాయనే తోలినాడని చెప్పాలని.

ఆ ఏడే మా జేజికి, అంటే నాయననీ అత్తనీ కన్న తల్లికి, నెల్లూరులో కంటి ఆపరేషను చేసినారు. "కుట్లు పచ్చిగా ఉండాయి. తల అదరకూడదు" అని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పి పంపించినాడు. రెండు కళ్ళకూ కట్టు. వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకొని పడుకుంది. అత్త నిండు బిందె తొణకనట్టు తోలింది. జేజికి కునుకు పట్టేసింది.

తూము వచ్చింది. "ఆపక్కా" అన్నాడు నాయన.

"ఈ ఒక్కరోజుకు వద్దురా... అమ్మ కన్ను..."

"అమ్మను చూడాలని ఊరంతా మన వాకిట్లోనే ఉంటారు. నా పరువు తీస్తావా? దిగు."

అత్త దిగింది. తమ్ముడి పంచన ఉండేదాన్ని కదా అనుకునిందేమో... ఆ ఇంటికి తిండి పెట్టేదే ఆమె! వచ్చి జేజి కాళ్ళ కాడ ఇరుక్కొని కూర్చుంది.

నాయన కాలు తీసినాడు. ఒక ఎగురు. ఆగింది. మళ్ళీ ఎగురు. మూడోసారికి జేజి తల నా చేతుల్లోనించి జారి తలుపుకు కొట్టుకుంది. "అయ్యో, నా కన్ను!" అని అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

తర్వాత చేత్తో తడుముకుంటా అత్త చెయ్యి దొరకబుచ్చుకొని అడిగింది. "ఇంత దూరం తెచ్చినదానివి... ఇంకాస్త తోలితే ఏం పోయిందే రత్నా?"



ఇంటి ముందర కారు ఆగింది. ఎవరో అడిగినారు, "నెల్లూరు నించి మీ నాయనే తోలుకొచ్చినాడా పాపా?" అని. "అవును, నాయనే" అన్నాను. అత్త నా పక్కనే ఉంది. నా వైపు ఒకసారి చూసి, జేజిని పట్టుకొని లోపలికి పోయింది.

ఆ కన్ను మళ్ళీ తేటపడలేదు. "వయసైపోయింది, ఆమె రాత" అన్నారు ఇంట్లో. రాతంట రాత! అత్త మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. నాయన చాలాసార్లు అడిగినాడు, బతిమలాడినాడు కూడా. "నాకు చేతకాదులే" అనేది.

ఇప్పుడా దోవ నిండా రేవుకు పోయే లారీలే... తూము ఎక్కడుండేదో నాకొక్కదానికే తెలుసు. మా మనవరాలు గేర్ల కారు వాటి మధ్యలో తోలుకుంటా ఆ చోటికి రాగానే, "ఆపొద్దమ్మా, ఇంటిదాకా పోనీ" అంటాను. "ఎవరు ఆపమన్నారు జేజీ?" అని నవ్వుతుంది పిచ్చిది.

ఒట్టు తీసి గట్టున పెడుతున్నా... ఆ కారు తోలింది మా నాయన కాదు, మా రత్నమ్మత్త. మీ ఇళ్ళలో ఎవర్ని ఏ తూము కాడ దించేసినారో మీరూ రాయండి. పేరు పెట్టి మరీ రాయండి.