ఆరు టేపులకు ఆరు బొట్లు

నేను చేసిన ఘనకార్యం వింటే మీరు ముందు మీ ఫోన్ పనిచేస్తోందో లేదో చూసుకుంటారు. కంగారు పడకండి, పాత సంగతే. కానీ ఆ రోజు సికింద్రాబాద్‌లో కొన్ని వందల ఫోన్లు మూగబోవడానికి కారణం గాలివాన కాదు, తెగిన తీగ కాదు. నా భక్తి.

అప్పట్లో బేగంపేటలో ఒక చిన్న టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. చేరి ఆరు నెలలు. నన్ను పర్మనెంట్ చేసే కాగితం మేనేజర్ విజయ మేడమ్ బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. నాకు పని నేర్పేది లాలాగూడ ఖాదర్ సాబ్. కనెక్షన్లు, బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవి. ఆయన రోజూ మధ్యాహ్నం దాని నకలు మొత్తం ఒక టేపులోకి ఎక్కించేవారు. వారానికి ఆరు టేపులు, ఒక్కోదాని మీద రోజు పేరు రాసిన చీటీ. సర్వర్ చస్తే బతికించేది ఆ టేపులే.

ఆయుధ పూజ గురువారం చేశాం. ఖాదర్ సాబ్ ఆ రోజు టేపు ఎక్కించి, కంటి ఆపరేషన్‌కు వెళ్తూ, "నేనొచ్చేదాక టేపులు ముట్టకు బేటా" అన్నారు. ముట్టకుండా పూజ ఎలా చేస్తారో మీరే చెప్పండి. మెట్టుగూడలో మా నాన్న స్కూటర్‌ను స్పానర్లతో సహా కడిగి బొట్టు పెట్టేవాడు. నేనూ టేపులను తడిబట్టతో తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టాను. చీటీల మీది సిరా అంతా బట్టకు వచ్చేసింది. ఆరు టేపులూ పెళ్లికూతుళ్లలా మెరిశాయి. ఏది ఏ రోజుదో మాత్రం తెలియదు. ఆయన వచ్చాక అడిగి రాద్దాంలే అనుకున్నాను.

శుక్రవారం సెలవు. శనివారం పొద్దున సర్వర్ డిస్క్ పోయింది.

"పరేషాన్ గాకు, కొత్త డిస్క్ పెట్టించిన. గురువారం టేపెక్కియ్యి," అన్నారు మేడమ్.

దేవుణ్ణి తలుచుకుని ఒకటి ఎక్కించాను. మా పాత డ్రైవ్‌లో ఒక్కో టేపుకు రెండు గంటలు, మొత్తం ఎక్కితే గానీ ఏ రోజుదో తెలియదు. చివరికి తెలిసింది. అది పోయిన శనివారానిది. ఈ వారం కనెక్షన్ తీసుకున్న కొన్ని వందల మంది మా సర్వర్ లెక్కలో ఇంకా పుట్టనే లేదు, వాళ్ల ఫోన్లన్నీ మూగబోయాయి.

మేడమ్ టేపుల వంక చూసి ఫోన్ అందుకున్నారు. "ఖాదర్ సాబ్‌కు వయసైంది. చీటీలు సుత సక్కగ రాస్తలేడు. ఇగ ఇంటికి పంపుండ్రని హెడ్డాఫీసుకు చెప్తా."

బల్ల మీద నా కాగితం కనిపిస్తూనే ఉంది. "ఆయన తప్పు గాదు మేడమ్. తడిబట్టతోని తుడిచింది నేను."

ఆమె ఫోన్ పెట్టేశారు. "నా ముందర నిలవడకు. పోయి ఆయన్ను పిలువు."

ఖాదర్ సాబ్ నల్లద్దాలతో ఆటోలో వచ్చారు. సంగతంతా విని, నా నెత్తి మీద ఒకటి వేసి, టేపులు ఒళ్లో పెట్టుకున్నారు. "జెర గుండుసూది ఇయ్యి." ఒక్కో టేపు అంచున పట్టిన గంధాన్ని సూదితో గీకి, బొటనవేలితో తడిమారు. "గిది మంగళవారం. గిది సోమవారం. ఇగో, గురువారం."

"చూడకుంట ఎట్ల చెప్పిండ్రు సాబ్?"

"నాలుగు గాట్లున్నయి, తడిమి చూడు. మా అబ్బ రైల్వే వర్క్‌షాపుల పానాలకు గిట్లనే గాట్లు పెడుతుండె. చేతికి నూనె అంటినంక చీటీ ఎవలు సదువుతరు?" తర్వాత గొంతు తగ్గించారు. "ఆరు నెలల సంది ఆ చీటీలు నాకు కనవడ్తనే లేవు బేటా. పోతే పోనియ్యి."

డాక్టర్ పడుకోమన్న మనిషి రెండు గంటలూ డ్రైవ్ మీద చెయ్యి పెట్టుకుని, దాని చప్పుడు వింటూ కూర్చున్నారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. నేను పూజ చేయాల్సింది ఎవరికో అప్పుడు తెలిసింది. ఫోన్లన్నీ పలికాయి. నా కాగితం మాత్రం ఇంకో ఆరు నెలలు బల్ల మీదే పడుకుంది.

మరుసటి ఏడు ఆయుధ పూజకు ఖాదర్ సాబ్ సర్వర్ ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. "మేడమ్, మొదలు గీనికి పెట్టుండ్రి బొట్టు. మన ఆఫీసుల ఇంత డేంజర్ ఆయుధం ఇంకోటి లేదు."

మేడమ్ నవ్వకుండా గంధం పూసి, కుంకుమ పెట్టారు.

"పూజ చేసిన ఆయుధాన్ని ఇయ్యాల పనిల పెట్టొద్దు గద," అని ఆయన నన్ను ఇంటికి పంపించేశారు.

ఆనాడే ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను, ఈ జన్మలో తడిబట్ట ముట్టనని. ఇంట్లో గ్యాస్ పొయ్యి తుడవమన్నప్పుడల్లా మా ఆవిడకు ఈ ప్రతిజ్ఞే వినిపిస్తుంటాను.