మామ కొరడా దించిన పందెం

మొన్న ఆదివారం మహబూబాబాద్‌లో మా ఇంటి వసారాలో ఉప్మా తింటూ పత్రికలో గుర్రప్పందేల ఫలితాలు చదువుతున్నాను. ఆ చిన్నక్షరాల మూలను ఈ ఊళ్లో నేను కాక ఇంకెవరైనా చదువుతారో లేదో తెలియదు. రిటైరైన ఈ పంతులమ్మ చాటుగా పందేలు కాస్తోందేమోనని మా ఆయనకు చాలాకాలంగా అనుమానం. ఆ రోజు ఫలితాల కింద చిన్న వార్త ఉంది. మొదట వచ్చిన గుర్రం జాకీ పరిమితికి మించి కొరడా వాడినందుకు అతన్ని కొన్నాళ్లు స్వారీ చేయకుండా నిలిపివేశారట. గెలుపు మాత్రం మార్చలేదట. కొరడా అసలే వద్దని కొందరు, అది లేకుండా గుర్రాన్ని అదుపు చేసేదెలాగని కొందరు వాదులాడుకుంటున్నారని కూడా రాశారు. ఉప్మా చల్లారిపోయింది. నాకు మా మేనమామ గుర్తుకొచ్చాడు.

మా అమ్మ తరఫువాళ్లందరూ ద్వారబంధానికి తల తగిలే మనుషులు. అమ్మకు ఆఖరి తమ్ముడైన మామ ఒక్కడే ఐదడుగుల దగ్గర ఆగిపోయాడు. దేవరుప్పుల దగ్గర మా తాతగారి ఊళ్లో అందరూ అందుకు జాలిపడుతుంటే, జనగామలో గుర్రాలకు నాడాలు కొట్టే చాచా ఒకాయన మాత్రం మామను ఎగాదిగా చూసి హైదరాబాదు రేసుగుర్రాల లాయానికి తీసుకుపోయాడు. లద్దె ఎత్తడంతో మొదలుపెట్టి కొన్నేళ్లకు మామ జాకీ అయ్యాడు. జనగామలో మా ఇంటికి వచ్చినప్పుడు చూడాలి ఆయన అవస్థ! బరువు పెరిగితే గుర్రం ఎక్కనివ్వరు కనుక, పెళ్లి విందులో బగారన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, మిగతాది వాసన చూసి లేచేవాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను మాత్రం మా మామ జాకీ అని కాలేజీలో చెప్పుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ఆయన ఎక్కే ఆడగుర్రానికి కాగితాల మీద నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో ఉండేది. లాయంలో అందరికీ అది లచ్చి. ఒక పెద్ద పందెంలో లచ్చి ఆఖరి మలుపు తిరిగి అన్నిటికన్నా ముందుకొచ్చింది. గెలుపు గీత ఇంకా కొంత దూరం ఉందనగా మామ కొరడా దించేశాడు. కళ్లెం పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పక్కగుర్రం తలకాయంత తేడాతో దాటిపోయింది. గీత దాటేదాకా జాకీ తన గుర్రంతో శాయశక్తులా పరుగు తీయించాలన్నది నియమం. ఎందుకు ఆపావని విచారణలో అడిగితే, ఎడమ ముందుకాలు నొప్పి ఉన్నట్టు ఒక్కసారి బరువు మోపకుండా తేలికగా పడ్డట్టు అనిపించిందన్నాడు. పశువుల డాక్టరు ఆ కాలు తడిమి, గుర్రాన్ని అటూ ఇటూ నడిపించి చూశాడు. ఏ దోషమూ కనబడలేదు. మామకు ఏడాదిపాటు స్వారీ బంద్. పైగా నెల తిరక్కుండానే లచ్చి ఇంకో జాకీ కింద గెలిచింది కూడా. ఇంకేముంది, మామ డబ్బు తీసుకుని పందెం అమ్ముకున్నాడని లోకమంతా అంది.

లోకం సంగతి అలా ఉంచండి, నేనూ అన్నాను. మా వంటింటి గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్న మనిషిని నిలదీశాను.

“గుర్రం కాలు మంచిగనే ఉన్నదంట గద మామా. నువ్వు అమ్ముకున్నవంటున్నరు అందరు. కాలేజీల మొఖం చూపెట్టలేకపోతున్న.”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “నీగ్గూడ గట్లనే అనిపిస్తుందా బిడ్డా?” అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. ఏమీ అనకపోవడమే పెద్ద న్యాయమనుకునే వయసు అది. మర్నాడే మామ అత్తగారి ఊరు చిట్యాలకు వెళ్లిపోయాడు. ఏడాది గడిచినా మళ్లీ గుర్రం ఎక్కలేదు. పత్తి చేను, రెండెడ్లు, అదే బతుకు. ఆ ఎడ్లకు ముల్లుగర్ర చూపించి ఎరగడు. నాలుక టక్కుమనిపిస్తే కదిలేవి, వాటికి కదలాలనిపిస్తేనే. పక్కచేను రైతు దున్నడం ముగించి ఇంటికి పోయేసరికి ఈయన సగంలో ఉండేవాడు. ఒకసారి సెలవులకు వెళ్లి, ఆ ఎడ్ల వెనక ఆయన ఓపిగ్గా నడవడం చూశాను. ఈ మనిషి దేన్నీ అమ్ముకునే మనిషి కాడని ఆ రోజే నాకు అర్థమైంది. కానీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక కొంత, బింకం కొంత. ఆ తర్వాత పెళ్లిళ్లలో కలుసుకునేవాళ్లం, బాగానే మాట్లాడుకునేవాళ్లం. ఆ ఒక్క సంగతి తప్ప.

మొన్న ఆదివారం ఆ పత్రిక మడిచి సంచిలో పెట్టుకుని, వరంగల్లులో బస్సు మారి చిట్యాల చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇప్పుడు బరువు చూసేవాళ్లు లేరు కనుక మామ మటన్ కూర మారు అడిగి వేయించుకుంటున్నాడు. వార్త చదివి వినిపించాను. చూశావా, ఇన్నాళ్లకు నియమాలే నీ దారికొచ్చాయి అంటే ఆయన పొంగిపోతాడని నా ఊహ. ఆయన పొంగిపోలేదు.

“పాపం, గెలిచిన దినమే శిక్ష పడ్డది పోరనికి,” అన్నాడు. “ఆఖర్ల పబ్లిక్ అంత ఒర్లుతుంటే చెయ్యి ఆగదు బిడ్డా. దెబ్బలు ఎవడు లెక్కపెట్టుకుంటడు?”

“మరి నీ చెయ్యి ఎట్ల ఆగింది?”

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. “కాలు తేలికైనట్టు అనిపించింది, గంతే. నిజంగ అయిందో, నా భ్రమనో నాగ్గూడ తెల్వదు. కొడితే విరిగేదేమో. విరిగితే అందరు నమ్మెటోళ్లు. కొట్టలే, అది మంచిగ నడిచింది. ఇగ కాలు బాగలేకుండెనని సబూతు యాడికెల్లి తేవాలె?”

“నువ్వు అమ్ముకోలే మామా. నాకు తెలుసు,” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. “ఎప్పటిసంది తెలుసు?”

“శానేండ్ల సంది.”

“మరి చెప్పకపోతివి,” అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. లోపలికి తిరిగి, బిడ్డకు అన్నం పెట్టమని అత్తను కేకేశాడు. నేను పళ్లెం ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఆయన్ని నమ్మడానికి నాకు పెద్దగా కాలం పట్టలేదు. ఆ మాట పైకి అనడానికే నలభై ఏళ్లు పట్టింది, పోయిన ఆ నలభై ఏళ్లూ ఆయనవి.